కెమిస్ట్రీ, ఎక్స్‌ట్రాక్టివ్ మెటలర్జీ డబుల్ డిగ్రీ: చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. కెమిస్ట్రీకి తోడు ఎక్స్‌ట్రాక్టివ్ మెటలర్జీ, అంటే ముడి ఖనిజం నుంచి లోహాన్ని రాబట్టే చదువు, రెండూ కలిపి డబుల్ డిగ్రీ చేద్దామనుకుంటున్నాను.

నన్ను ఇటు లాగింది బంగారం లీచింగ్, అంటే ఖనిజంలోని బంగారాన్ని ద్రావణంలోకి కరిగించి తీయడం. పలుచటి సైనైడ్ ద్రావణంలో, ఆక్సిజన్ సాయంతో బంగారం కరుగుతుంది. పీహెచ్ 10కి పైన ఉంచకపోతే విషవాయువైన హైడ్రోజన్ సైనైడ్ బయటికొస్తుంది, అందుకే సున్నం వేస్తారు. కరిగిన బంగారాన్ని యాక్టివేటెడ్ కార్బన్ పట్టుకుంటుంది. సమీకరణం రాస్తే ఒక్క లైను! కానీ ఖనిజంలో కొన్ని రకాల రాగి ఖనిజాలు కూడా ఉన్నాయంటే సైనైడ్‌ను అవే తినేస్తాయి, ఖర్చు పెరిగిపోతుంది. ఇందులో కెమిస్ట్రీ ఎక్కడ ఆగుతుందో, మెటలర్జీ ఎక్కడ మొదలవుతుందో నాకైతే అర్థం కాలేదు.

ఇక నా సందేహాలు. థర్మోడైనమిక్స్ రెండు వైపులా ఉంటుంది కదా, ఒకసారి చదివితే రెండింటికీ లెక్కలోకి తీసుకుంటారా? ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే నాకు పెద్దగా పడదు. రాగి సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌లో, అంటే నీటి ద్రావణంలోని రాగిని ఆర్గానిక్ ద్రవంలోకి లాగే పద్ధతిలో, రాగిని పట్టుకోడానికి వాడే ఆక్సైమ్‌లు ఆర్గానిక్కే అని తెలుసు, కానీ ప్లాంటులో పనిచేసేవాళ్లకు అది ఎంత లోతుగా రావాలి? రెండు వైపులా ల్యాబులు ఒకే సెమిస్టర్‌లో పడితే ఎలా నెట్టుకొచ్చారు? అసలు టెన్షన్ అదే.

ఇంకొకటి. ఉద్యోగంలో మిమ్మల్ని మెటలర్జిస్టుగా తీసుకున్నారా, లేక అస్సే ల్యాబులో (ఖనిజంలో లోహం ఎంతుందో పరీక్షించే చోట) కెమిస్టుగానా? ఒక్క మెటలర్జీ చాలు, రెండోది దండగ అనిపించినా మొహమాటం లేకుండా చెప్పండి.