శుక్రవారం రాత్రి పిల్లలకు దీవెన: ఒక చెయ్యా, రెండు చేతులా?

కృష్ణాతీరం:
షబ్బాత్ (వారపు విశ్రాంతి దినం) మొదలయ్యే రాత్రి యూదుల ఇళ్లలో పిల్లల తలమీద చెయ్యి పెట్టి దీవిస్తారు కదా, ఆ క్రమం తెలిసినవాళ్లు చెప్పండి. భోజనానికి ముందా, తర్వాతా? అబ్బాయికీ అమ్మాయికీ అవే మాటలా? ఒక చెయ్యి అని కొందరు, రెండని కొందరు అంటున్నారు.

హైఫా నుంచి:
ఎక్కువ ఇళ్లలో సినగాగ్ (ప్రార్థనా మందిరం) నుంచి రాగానే, కిద్దూష్‌కు, అంటే భోజనానికి ముందు ద్రాక్షరసం మీద చెప్పే ప్రార్థనకు ముందే దీవిస్తారు. ఆ రాత్రి పాడే 'షాలోం అలేఖెం' పాటకు ముందా తర్వాతా అన్నది ఆ ఇంటి అలవాటు. కిద్దూష్ అయ్యాక దీవించేవాళ్లూ ఉన్నారు.

అందరికన్నా పెద్దవాళ్లతో మొదలుపెట్టి చిన్నవాళ్ల దాకా ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తారు. అబ్బాయికి ఆదికాండం 48:20లోని మాట: 'యెసిమ్‌ఖా ఎలోహీం కె-ఎఫ్రయిం వెఖి-మెనషె' (దేవుడు నిన్ను ఎఫ్రాయిములా, మనష్షేలా చేయుగాక). అమ్మాయికి 'యెసిమేఖ్ ఎలోహీం కె-సారా, రివ్కా, రాఖేల్ వె-లేయా' (దేవుడు నిన్ను శారా, రిబ్కా, రాహేలు, లేయాల్లా చేయుగాక). తప్పు దొర్లేది మొదటి మాటలోనే. హెబ్రీలో 'నిన్ను' అనడానికి మగపిల్లాడికో రూపం, ఆడపిల్లకో రూపం. కొడుకును దీవించిన ఊపులో కూతురికీ 'యెసిమ్‌ఖా' అనేస్తారు.

ఆపైన ఇద్దరికీ సంఖ్యాకాండం 6:24–26, అంటే యాజకుల దీవెన. హెబ్రీలో మొత్తం 15 మాటలే. మూడు వచనాల్లో వరసగా 3, 5, 7. ఇది లేఖనం కాబట్టి కూతురికి చెప్పినా చాలామంది మాట మార్చరు. చివర్లో సొంత మాటలతో ఏదైనా కోరుకుని ముద్దు పెట్టుకోవడం మామూలే. హెబ్రీ రాకపోతే తెలుగులో చెప్పుకోవచ్చు, అడ్డేం లేదు.

పాతపుస్తకం:
చేతుల విషయంలో రెండు పద్ధతులూ ఉన్నాయి. రెండు చేతులు యాజకులు దేవాలయంలో ఎత్తినవి గనక మిగతావాళ్లు ఒక చేత్తోనే దీవించాలని 18వ శతాబ్దపు యూదు పండితుడు విల్నా గావోన్ పేరు మీద చెబుతారు. అదే కాలపు మరో పండితుడు యాకోబ్ ఎమ్డెన్ పక్షం రెండు చేతులది. మీ నాన్నగారు ఎలా చేశారో అలాగే చేయండి. నన్నడిగితే ఇందులో వాదనకు పెద్ద చోటు లేదు. ఆదికాండంలో యాకోబు తన మనవళ్లు ఎఫ్రాయిము, మనష్షేలను దీవిస్తూ చేతులు అడ్డంగా మార్చి పెట్టాడు కదా అని మనమూ మార్చనక్కర్లేదు. అక్కడ కుడిచెయ్యి చిన్నవాడైన ఎఫ్రాయిము మీద పడాలని అలా చేశాడు.

కృష్ణాతీరం:
మరి యాజక వంశం కాని తండ్రి ఆ 15 మాటలు పలకొచ్చా? అబ్రాహామును, ఇస్సాకును వదిలి అబ్బాయిల దీవెనలో ఈ అన్నదమ్ములు ఎఫ్రాయిము, మనష్షేలెందుకు?

పాతపుస్తకం:
పలకొచ్చు. యాజకులు ముందుగా చెప్పే ఆశీర్వచనాన్ని ఇక్కడ చెప్పరు, వాళ్లలా వేళ్లు విడదీసి చేతులు చాపరు. అందుకే దీన్ని యాజక సేవగా లెక్కపెట్టరు. అన్నదమ్ముల సంగతికి వచనమే ఆధారం: 'ఎఫ్రాయిమువలెను మనష్షేవలెను' అని ఇశ్రాయేలీయులు దీవిస్తారని యాకోబే అన్నాడు. పరాయి దేశమైన ఐగుప్తులో పుట్టి పెరిగినా తాతల దారి వదల్లేదనీ, తమ్ముణ్ణి ముందుంచినా అన్న గొడవపడలేదనీ వ్యాఖ్యాతలు చెబుతారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని బెనే ఎఫ్రాయిం అనే, యూదాచారాలు పాటించే తెలుగువాళ్లు తమది ఆ ఎఫ్రాయిము గోత్రమేనంటారు. మన తెలుగువాళ్లకు ఈ వచనం అంత దూరపుదేం కాదు.

హైఫా నుంచి:
ఒక మాట మరిచాను. పిల్లలు వేరే ఊళ్లో ఉంటే శుక్రవారం మధ్యాహ్నమే ఫోన్లో దీవించేయండి. షబ్బాత్ దీపాలు సాధారణంగా సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు, యెరూషలేములోనైతే 40 నిమిషాల ముందు వెలిగిస్తారు. ఆ తర్వాత షబ్బాత్ కాబట్టి ఫోన్ ముట్టరు. పిల్లల్ని దీవించడం ఆచారమే, విధి కాదు. ఒక వారం తప్పిపోతే దానికి పరిహారమంటూ ఏమీ లేదు. ఖబాద్ అనే యూదు శాఖ వాళ్లయితే వారంవారం కాకుండా యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) ముందు దీవిస్తారు.