ఓక్ పలకల అంచులు పైకి లేచాయి. కాంట్రాక్టరు తప్పు మాదే అంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న: ఫ్రీమాంట్ నివాసి

అందరికీ నమస్కారం. మాది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1960లలో కట్టిన ఇల్లు. కాంక్రీటు స్లాబు మీద కట్టినది కాదు. మట్టి నేలకూ ఇంటికీ మధ్య క్రాల్ స్పేస్ ఉంది, దాని పైన ప్లైవుడ్ సబ్‌ఫ్లోర్, అంటే పైన వేసే పలకలకు ఆధారంగా ఉండే అడుగు పొర, ఉంది. గత అక్టోబరులో పాత కార్పెట్ తీయించి, హాల్లోనూ, భోజనాల గదిలోనూ, రెండు పడకగదుల్లోనూ 5 అంగుళాల వెడల్పున్న సాలిడ్ ఓక్ పలకలు వేయించాము. మొత్తం 21,000 డాలర్లకు రాతపూర్వకంగానే ఒప్పందం కుదిరింది, అందులో సగం సొమ్మును కాంట్రాక్టరు పని మొదలుపెట్టకముందే తీసుకున్నారు. సరుకు దిగిన మర్నాడే మేకులు కొట్టడం మొదలుపెట్టారు. కొన్నాళ్లు ఇంట్లో ఉంచాలి కదా అని నా భార్య అడిగితే, ఇది బట్టీలో ఆరబెట్టిన చెక్క కాబట్టి ఆ అవసరం లేదన్నారు. నెలాఖరుకు పని ముగిసింది.

జనవరి వానల తర్వాత పలకల అంచులు పైకి లేచి, నడుమ భాగం గుంట పడింది. కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా పడినప్పుడు హాలంతా రేకుల కప్పులా కనిపిస్తోంది. కాంట్రాక్టరు వచ్చి చూసి, మీరు తడిగుడ్డతో తుడవడం వల్లే ఇలా అయిందని తేల్చేశారు. ఉచితంగా సాండింగ్ చేసి మళ్లీ ఫినిష్ వేస్తాననీ, మేము ఆపి ఉంచిన 4,000 డాలర్లు మాత్రం ముందుగా ఇచ్చేయాలనీ, ఇవ్వకపోతే ఇంటి మీద లీన్ (బాకీ కింద ఇంటిపై నమోదు చేయించే హక్కు) వేస్తాననీ అంటున్నారు. మరొకరిని పిలిచి అడిగితే, మొత్తం తీసి మళ్లీ వేయడానికి 19,000 అవుతుందన్నారు. ఇప్పుడు మార్చి నెల వచ్చింది. సాండింగ్‌కు ఒప్పుకోవాలా, లీన్ బెదిరింపును ఎంతవరకు పట్టించుకోవాలి, ఫిర్యాదు చేయాలంటే ఎక్కడ చేయాలి అన్నవి నా సందేహాలు.

జవాబు: శాక్రమెంటో వడ్రంగి

నేను చాలా ఏళ్లుగా చెక్క ఫ్లోరింగు పనిలోనే ఉన్నాను. ముందుగా ఒక్క మాట చెబుతాను: ఈ స్థితిలో సాండింగ్‌కు ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. మీరు వర్ణించిన దాన్ని మా పనిలో కప్పింగ్ అంటారు. పలక పైభాగం కంటే అడుగుభాగం ఎక్కువ తేమ పీల్చుకుని ఉబ్బినప్పుడు అంచులు పైకి లేస్తాయి. ఇప్పుడు ఆ అంచులను అరగదీసి చదును చేస్తే చూడడానికి బాగానే ఉంటుంది గానీ, వేసవిలో అడుగుభాగం ఆరి పలక మళ్లీ తన ఆకారానికి వచ్చేసరికి అంచులు పల్చబడి, నడుమ భాగం ఉబ్బెత్తుగా మిగిలిపోతుంది. అప్పుడు పలక మందం కూడా తగ్గి ఉంటుంది కాబట్టి బాగు చేయడానికి మిగిలేది తక్కువే.

తడిగుడ్డ సంగతి మీరే తేల్చుకోవచ్చు. పై నుంచి పడిన నీళ్లు సందుల్లోంచి కిందికి దిగినా కప్పింగ్ వచ్చే మాట నిజమే, కానీ అది సింకు దగ్గరో, గుమ్మం దగ్గరో, నీళ్లు పడిన చోటనే ఉంటుంది. మంచాలు జరిపి, బరువైన సోఫా తీసి, గుడ్డ ఎన్నడూ చేరని చోట పలకలు ఎలా ఉన్నాయో చూడండి. అక్కడ కూడా అంచులు లేచి ఉంటే తేమ కింది నుంచే వస్తోందని అర్థం.

అసలు ప్రశ్న మేకులు కొట్టే ముందు ఎవరైనా మాయిశ్చర్ మీటరుతో (తేమ కొలిచే సాధనంతో) కొలిచారా అన్నది. పలకలను ఇంట్లో ఎన్ని రోజులు ఉంచారన్నదాని మీద అందరూ వాదించుకుంటారు గానీ, రోజుల లెక్క కంటే మీటరులో వచ్చే అంకె ముఖ్యం. నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్ మార్గదర్శకాల ప్రకారం 3 అంగుళాల లోపు వెడల్పున్న పలకలకూ సబ్‌ఫ్లోర్‌కూ మధ్య తేమ తేడా 4 శాతం దాటకూడదు, 3 అంగుళాలు, అంతకు మించి వెడల్పున్న వాటికి 2 శాతం దాటకూడదు. మీవి 5 అంగుళాలవి. పలక ఎంత వెడల్పుగా ఉంటే అంత ఎక్కువగా కదులుతుంది కనుకనే ఆ తేడా పెట్టారు. కొలతలు తీసుకుని రాసిపెట్టుకోవడం పని చేసేవాడి బాధ్యత, కొలవకుండా పని మొదలుపెట్టినవాడు వానను నిందించడం నాకు సబబుగా తోచదు.

క్రాల్ స్పేస్‌లోకి దిగి, లేదా ఎవరినైనా దింపి, మట్టి మీద పాలిథీన్ పట్టా పూర్తిగా పరిచి ఉందో లేదో ఫొటోలు తీయించండి. మట్టిలోని తేమ పైకి రాకుండా కనీసం 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) మందం పట్టా నేలంతా కప్పి ఉండాలి. ఆ తర్వాత స్వతంత్ర ఇన్‌స్పెక్టరును పిలిపించి పలకలకూ, సబ్‌ఫ్లోర్‌కూ వేర్వేరుగా తేమ కొలిపించి, రాతపూర్వక నివేదిక తీసుకోండి. ఆయన కాంట్రాక్టరు మనిషి కాకూడదు, ఆ పనిని తిరిగి చేయడానికి అంచనా ఇచ్చినవాడూ కాకూడదు.

జవాబు: శాన్ రామోన్ గృహస్థు

పై మాటలతో నేను పూర్తిగా ఏకీభవించను. క్రాల్ స్పేస్‌లో పట్టా లేకపోతే అది ఇంటి యజమాని చూసుకోవలసిన విషయం, ఫ్లోరింగు కాంట్రాక్టరు ఇంటి కింద మట్టికి జవాబుదారీ ఎలా అవుతాడు? పైగా కోర్టుల చుట్టూ తిరిగితే పోయే కాలానికి లెక్క లేదు. ఆ 4,000లో సగానికి రాజీపడి, వేసవి దాకా ఆగి సాండింగ్ చేయించుకుంటే మేలని నా అభిప్రాయం.

జవాబు: శాన్ హోసే నుంచి

న్యాయవాదుల కార్యాలయంలో పనిచేసే మనిషిగా నాకు తెలిసినవి చెబుతాను, ఇది న్యాయ సలహా కాదు. శాన్ రామోన్ మిత్రులు చెప్పిన దానిలో వేసవి దాకా ఆగడం అన్నది మంచి మాటే, ఎందుకంటే తేమ తగ్గాక నష్టం ఎంతో నికరంగా తేలుతుంది. అయితే పట్టా లేదన్న సంగతి కాంట్రాక్టరును తప్పించదు. కింద తేమ ఉందని మీటరు చూపించి ఉంటే, ఈ స్థితిలో పలకలు వేయనని చెప్పవలసింది ఆయనే. పట్టా వేయించే ఖర్చు మాత్రం యజమానిదే అని మధ్యవర్తి అనే అవకాశం ఉంది, దానికి సిద్ధపడండి.

ముందుగా కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు వెబ్‌సైటులో ఆయన లైసెన్సు నంబరు వెతకండి. ఫ్లోరింగుకు సి-15 తరగతి ఉండాలి. లైసెన్సు ఈనాడు ఉందా అన్నది చూసి ఊరుకోకండి, మీ ఇంట్లో పని జరిగిన రోజుల్లో చెల్లుబాటులో ఉందా అని చూడండి, ఎందుకంటే కార్మికుల బీమా గడువు దాటినా లైసెన్సు సస్పెండ్ అవుతుంది. పని జరిగినప్పుడు లైసెన్సు లేదని తేలితే, మీరు ఇచ్చిన సొమ్మంతా తిరిగి రాబట్టుకునే హక్కును కాలిఫోర్నియా చట్టం మీకు ఇస్తుంది, దానికి పని పూర్తయిన నాటి నుంచి ఏడాదే గడువు.

లైసెన్సు సక్రమంగా ఉన్నా, ఆయన సగం సొమ్ము ముందుగా తీసుకోవడమే నిబంధనకు విరుద్ధం. గృహ మరమ్మతు ఒప్పందాల్లో ముందస్తు చెల్లింపు మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది దాటకూడదు. ప్రత్యేక బాండు (వినియోగదారుల నష్టానికి హామీగా ఉండే సొమ్ము) పెట్టుకున్న కొద్దిమందికి మాత్రమే మినహాయింపు ఉంది. మీ ఒప్పందం 21,000 కాబట్టి 1,000 మించి తీసుకోకూడదు, ఆయన 10,500 తీసుకున్నారు. బోర్డుకు ఫిర్యాదు రాసేటప్పుడు ఈ విషయం చెక్కు నకలుతో సహా మొదటి పేరాలోనే రాయండి. కళ్లకు కనిపించే లోపాల మీద ఫిర్యాదుకు 4 ఏళ్ల వ్యవధి ఉన్నా, ఆలస్యం చేయడం వల్ల మీకేమీ లాభం లేదు. ప్రతి లైసెన్సుదారు 25,000 డాలర్ల బాండు పెట్టి ఉండాలి, కానీ అది ఆయన మీద ఫిర్యాదు చేసిన వారందరికీ కలిపి ఉన్న సొమ్ము.

ఇక లీన్ విషయం. పని పూర్తయ్యాక 90 రోజుల్లోపు కౌంటీ రికార్డరు కార్యాలయంలో నమోదు చేయించకపోతే ఆ హక్కు పోతుంది. మీ పని అక్టోబరు చివర ముగిసింది కాబట్టి జనవరి చివరికే ఆ గడువు దాటింది. అలమేడా కౌంటీ రికార్డుల్లో మీ పేరు మీద ఏమైనా నమోదైందేమో ఒకసారి చూసుకోండి. ఒకవేళ గడువులోగా నమోదు చేసి ఉన్నా, నమోదు చేసిన 90 రోజుల్లోపు ఆయన దావా వేయకపోతే అది చెల్లదు. ఉచిత సాండింగ్ ఆహ్వానంలో నాకు కనిపించే మరో చిక్కు ఇక్కడే ఉంది: ఇప్పుడు ఆయన మళ్లీ లోపలికి వచ్చి పనిచేస్తే, పని ఆ సాండింగ్‌తోనే ముగిసిందనీ, 90 రోజులు అప్పటి నుంచే లెక్కించాలనీ వాదించడానికి ఆయనకు ఒక సాకు దొరుకుతుంది. ఆ వాదన నెగ్గడం కష్టమే గానీ, దానికి మీరు చోటు ఇవ్వడం దేనికి? చెక్క సరఫరా చేసిన దుకాణం నుంచి ప్రిలిమినరీ నోటీసు (తమకు లీన్ హక్కు ఉండవచ్చని ముందుగా తెలిపే పత్రం) ఏదైనా మీకు వచ్చి ఉంటే, వారికి డబ్బు ముట్టినట్టు విడుదల పత్రం అడగండి, ఎందుకంటే మీరు కాంట్రాక్టరుకు చెల్లించినా ఆయన దుకాణానికి చెల్లించకపోతే వారికీ లీన్ హక్కు ఉంటుంది.

చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో వ్యక్తులు 12,500 డాలర్ల దాకా అడగవచ్చు. అక్కడ న్యాయవాదులు వాదించరు. మీ 19,000 దావాను రెండు ముక్కలుగా చేసి వేయడానికి వీల్లేదు. మీ చేతిలో ఆపిన 4,000 పోగా నికర నష్టం 15,000 అనుకుంటే, 2,500 వదులుకుని త్వరగా తేల్చుకోవడమా, 35,000 దాకా వినే లిమిటెడ్ సివిల్ కోర్టుకు వెళ్లడమా అన్నది మీ నిర్ణయం. నేనైతే వదులుకుంటాను.

జవాబు: ఫ్రిస్కో, టెక్సాస్

టెక్సాస్‌లో ఉండి ఇది చదువుతున్నవారి కోసం రెండు మాటలు. ఇక్కడ ఫ్లోరింగు కాంట్రాక్టర్లకు రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు, కాబట్టి ఫిర్యాదు చేయడానికి అలాంటి బోర్డూ లేదు. దావా వేయడానికి 60 రోజుల ముందు లోపాలను వివరిస్తూ కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని మా రాష్ట్ర చట్టం చెబుతుంది. చిన్న దావాలు వినే మా జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా అడగవచ్చు. మీకున్నపాటి సదుపాయం మాకు లేదని చదువుతుంటే కాస్త అసూయగానే ఉంది.

ఫ్రీమాంట్ నివాసి

సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మంచాలు జరిపి చూస్తే అక్కడ కూడా అంచులు అంతే లేచి ఉన్నాయి. క్రాల్ స్పేస్‌లో పట్టా సగం చిరిగి, మూలల్లో అసలు లేదు. పని మొదలుపెట్టక ముందు తీసిన తేమ కొలతలు పంపమని కాంట్రాక్టరుకు ఈమెయిలు రాస్తే, అనుభవమున్నవాడికి చేత్తో తాకితే తెలిసిపోతుందని జవాబు వచ్చింది. రికార్డుల్లో లీన్ ఏదీ లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చేవారం వస్తారు. ఈలోగా పట్టా వేయించవచ్చా, లేక సాక్ష్యం చెడిపోతుందా?

శాక్రమెంటో వడ్రంగి

చేత్తో తాకి తెలుసుకున్నాననే ఆ ఈమెయిలును అచ్చు తీసి ఫిర్యాదుకు జతచేయండి, కొలవలేదని ఆయనే రాసి ఇచ్చినట్టయింది. పట్టా మాత్రం ఇన్‌స్పెక్టరు చూసి, కొలిచి, ఫొటోలు తీసుకున్న మర్నాడు వేయించండి, అంతకు ముందు వద్దు. తర్వాత ఆలస్యం చేయకండి, తెలిసి కూడా నష్టం పెరగనిచ్చారని రేపు ఆయన అనకూడదు. ఎప్పుడైనా పలకలు తీయవలసి వస్తే, తీసే ముందు కాంట్రాక్టరుకు తేదీ చెప్పి, వచ్చి చూసుకొమ్మని రాయండి. తీసిన వాటిలో నాలుగైదు పలకలను, అడుగుభాగం కనిపించే ఫొటోలతో పాటు, ఏ గదిలో ఏ చోటివో రాసి గరాజులో దాచండి.