అప్‌డేట్: పగులు లెక్క ఎక్కడ తప్పిందో దొరికింది

పోయిన నెల నేనడిగిన ప్రశ్న ఇది: వేరే ఓడ గుద్ది పక్క ప్లేటు చిరిగిన ఓడను రేవుకు లాక్కొచ్చేలోపు ఆ పగులు ఎంత పెరుగుతుంది? నా ప్రాజెక్టు లెక్కలో అది దాదాపు కదలనే లేదు. చూసి మురిసిపోయాను కూడా.

తప్పు సిగ్గుపడేంత చిన్నది. స్ట్రెస్ రేంజ్ (అలలకు ప్లేటులో స్ట్రెస్ ఎంత మేర పెరిగి తగ్గుతుందో ఆ తేడా) దెబ్బ తగలని ఓడది వాడాను. మీలో ఒకరు చెప్పినట్టు, చిరిగిన ప్లేటును తీసేసి సెక్షన్ మాడ్యులస్ (ఓడ అడ్డుకోత వంపును ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) మళ్లీ లెక్కకట్టాను. అది తగ్గితే స్ట్రెస్ రేంజ్ పెరుగుతుంది. స్ట్రెస్ రేంజ్‌ను బట్టి పగులు వేగం చెప్పే పారిస్ సూత్రంలో స్టీలుకు ఘాతాంకం సుమారు 3. అంటే స్ట్రెస్ రేంజ్ 25 శాతం పెరిగినా పగులు వేగం దాదాపు రెట్టింపు. నమ్మలేక రెండుసార్లు కాల్క్యులేటర్ నొక్కాను!

కొత్త గ్రాఫ్ నున్నగా రాలేదు, అలలా వచ్చింది. మొదట కోడ్‌లో తప్పేమో అని టెన్షన్ పడ్డాను. కాదు. స్టిఫెనర్ (ప్లేటు వంగకుండా అతికించే బద్ద) వెల్డు దగ్గర మిగిలిపోయిన లాగుడు స్ట్రెస్ పగులును తొందరపెడుతుంది. రెండు స్టిఫెనర్ల మధ్య నొక్కుడు స్ట్రెస్ దాన్ని నెమ్మదింపజేస్తుంది. ఆ ఎత్తుపల్లాలు అవే.

పగులు ఆగడానికి దాని కొన దగ్గర రంధ్రం కొట్టమన్న సలహా తాత్కాలికంగా బాగానే ఉంది. కానీ కంటికి కనిపించే కొన అసలు కొన కాదట. డై పెనెట్రంట్‌తో (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) చూడకుండా కొడితే రంధ్రం అసలు కొనకు వెనకబడిపోతుంది.

పెళుసుగా విరగడం, అంటే పగులు మెల్లగా కాక ఒక్కసారిగా పాకడం, ఇంకా లెక్కలో లేదు. 1943 జనవరిలో షెనెక్టడీ ట్యాంకర్ అలల్లేని రేవులో కట్టేసి ఉండగానే దాదాపు రెండు ముక్కలైంది. కాబట్టి ఇప్పుడు స్టీలు టఫ్‌నెస్ (పగులు ఉన్నా విరగకుండా తట్టుకునే గుణం) విలువల వేటలో ఉన్నాను.