బ్రిటన్ మున్సిపల్ ఆసుపత్రులు: 1948లో కౌన్సిళ్ల చేతిలోంచి తీసుకోవడం సరైనదేనా?

పాత లెడ్జరు:
కాదనే అంటాను. 1945లో మంత్రివర్గంలోనే దీని మీద పెద్ద గొడవ జరిగింది. ఊళ్లను, కౌంటీలను (జిల్లాల వంటివి) పాలించే ఎన్నికైన కౌన్సిళ్ల ఆసుపత్రులతో సహా అన్నీ కేంద్ర ప్రభుత్వానివి కావాలన్నారు ఆరోగ్య మంత్రి అనూరిన్ బెవన్. లండన్ కౌంటీ కౌన్సిల్‌ను స్వయంగా నడిపిన హెర్బర్ట్ మారిసన్ అడ్డం తిరిగారు. బెవన్ మాటే నెగ్గింది. జాతీయ ఆరోగ్య సేవ (NHS) మొదలైన 1948 జూలై 5న ఇంగ్లండ్, వేల్స్‌లలో 1,545 మున్సిపల్ ఆసుపత్రులు, దాదాపు 3,90,000 పడకలు చేతులు మారాయి. విరాళాల మీద నడిచే ఆసుపత్రుల పడకలన్నీ కలిపినా 90,000. బరువు మోసింది కౌన్సిళ్లు, పేరు దక్కింది వేరేవాళ్లకు. ఓటుతో దించగలిగే కౌన్సిలరు పోయి, మంత్రి నియమించిన బోర్డు వచ్చింది. వార్డు కప్పు కారితే ఎవరిని నిలదీయాలి?

రాత్రి డ్యూటీ:
లెడ్జరు గారూ, ఆ కౌన్సిళ్లను మరీ ఆకాశానికి ఎత్తకండి. గతిలేనివారిని చేర్చుకుని, పని చేయించుకుని తిండి పెట్టే వర్క్‌హౌస్‌లు 1930లో వాళ్ల చేతికొచ్చాయి. చాలాచోట్ల మారింది గేటు మీది పేరే. 1935లో వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డాక్టర్ మార్జరీ వారెన్‌కు పక్క వర్క్‌హౌస్ వార్డులు, 714 పడకలు అప్పగించారు. ఏళ్ల తరబడి మంచం దిగనివాళ్లు. జబ్బేమిటో సరిగా చూసిన నాథుడు లేడు. ఆవిడ ఒక్కొక్కరినీ పరీక్షించి, గోడలకు పట్టుకునే కడ్డీలు పెట్టించి, నడిపించారు. చాలామంది ఇంటికి వెళ్లారు.

పాత లెడ్జరు:
ఆ మార్జరీ వారెన్ కౌన్సిల్ ఉద్యోగేనండీ! నా సాక్షిని మీరే తెచ్చిపెట్టారు.

కాగితప్పడవ:
ఇద్దరూ యజమాని దగ్గరే ఆగిపోయారు. మా పెద్దనాన్నగారు గుంటూరులో చదివి, 1960లలో ఉత్తర ఇంగ్లండులో ఒక ఊరికి వెళ్లారు. సర్జరీ మీద ఆశతో వెళితే దొరికింది వృద్ధుల వార్డు. అక్కడి పట్టభద్రులు ముఖం తిప్పుకున్న చోటే మనవాళ్లకు ఖాళీలు ఉండేవి. ఆ వార్డు గురించి ఆయన పదే పదే చెప్పేవారు: ఎదురెదురుగా రెండు వరుసల్లో 30 మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య కుర్చీ పట్టదు, రాత్రిపూట ఒక నర్సు, ఒక ఆయా. ఆ నర్సు జమైకా అమ్మాయి. మూడేళ్ల శిక్షణకు వచ్చాననుకుంది. చేర్చింది రెండేళ్ల చిన్న కోర్సులో. అందులో పాసైనా, వార్డును నడిపే సిస్టర్ పదవి అందదు. కరీబియన్ నుంచి వచ్చిన చాలామందికి జరిగింది ఇదే.

లెడ్జరు గారూ, వృద్ధాశ్రమాలు కౌన్సిళ్ల దగ్గరే ఉండిపోయాయి కదా, వాటినేం చేశారు? సామాజిక శాస్త్రవేత్త పీటర్ టౌన్‌సెండ్ 1958, 59లలో 173 ఆశ్రమాలు తిరిగి చూస్తే, కౌంటీ కౌన్సిళ్ల చేతిలోని పడకల్లో సగానికి పైగా పాత వర్క్‌హౌస్ భవనాల్లోనే ఉన్నాయి.

పాత లెడ్జరు:
అది ఒప్పుకుంటాను. కానీ ఇటుక, ఉక్కు, అప్పు దేనికైనా లండన్‌లోని కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అవేమో ఇళ్లకూ బడులకూ పోయాయి. బోర్డులు మాత్రం ఏం కట్టాయి? పెట్టుబడి చాలడం లేదని ఆరోగ్య సేవ ఖర్చును పరిశీలించిన గిల్‌బాడ్ కమిటీయే 1956లో చెప్పింది. ఆసుపత్రులు కట్టే పెద్ద ప్రణాళిక 1962 దాకా లేదు. కార్డిఫ్‌లోని ఈలీ ఆసుపత్రిలో రోగులను హింసిస్తున్నారని 1967లో బయటపడింది, 1969లో విచారణ నివేదిక వచ్చింది. అది బోర్డు ఏలుబడిలోదే.

రాత్రి డ్యూటీ:
ఈలీలో సిబ్బంది కొరతా అంతే తీవ్రం. ముప్పై మందికి ఇద్దరు దొరికినప్పుడు, ఆ ఇద్దరి జీతం కౌన్సిల్ ఇస్తే ఏమిటి, బోర్డు ఇస్తే ఏమిటి? నేనూ చేశాను ఆ డ్యూటీ, మన దగ్గరే. తెల్లవారేలోగా అందరి పక్కలూ మార్చాలి, అంతే. పలకరించే తీరిక ఉండదు.

కాగితప్పడవ:
తేడా ఒకచోట ఉందండీ. 1948లో అదే రోజున చికిత్స బోర్డుకు, ఆశ్రయం కౌన్సిల్‌కు అని పంచారు. పెద్దనాన్నగారి ఆసుపత్రి, కౌన్సిల్ ఆశ్రమం రెండూ పాత వర్క్‌హౌస్ ఆవరణలోనివే, నడుమ ఒక గోడ. కాలు బాగుపడిన ఒక తాతను అటు పంపాలని ఆయన రాశారు. ఆశ్రమం వాళ్లు, ఇతను ఇంకా రోగే అన్నారు. మళ్లీ రాశారు. ఆరు వారాలకు సరేనని జవాబు వచ్చింది. అప్పటికి ఆ తాతకు న్యుమోనియా వచ్చి, ఆశ్రమంలోని మంచం ఇంకొకరికి ఇచ్చేశారు.