రంగు వేయించాక జుట్టు పీచులా తెగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (కావలి నుంచి)

మా చెల్లెలి పెళ్లికి ముందు ఒక పార్లరులో, నడుము దాకా ఉన్న నా నల్లటి జుట్టుకు బ్లీచ్ చేయించి, దానిపైన తేనెరంగు వేయించుకున్నాను. పెళ్లి ఫొటోలలో బాగానే కనిపించింది కానీ, రెండు నెలలు తిరిగేసరికి భుజాల కింద జుట్టంతా కొబ్బరిపీచులా తయారైంది. తడిసినప్పుడు బంకలా సాగుతోంది, ఆరిన తరువాత దువ్వెన పెడితే పుటుక్కున తెగుతోంది. మా ఇంట్లో వాడేవి బోరు నీళ్లు. బకెట్టు అంచున తెల్లటి చార కట్టే రకం. ఇప్పటికే కోడిగుడ్డు, పెరుగు, మెంతిపిండి అన్నీ పట్టించి చూశాను. పార్లరువాళ్లు కెరటిన్ (జుట్టును నునుపు చేసే చికిత్స) చేయించుకోమంటున్నారు, మా అత్తగారు గోరింటాకు పెట్టుకోమంటున్నారు, మా అమ్మమ్మ అయితే పెంచలకోన నరసింహస్వామికి తలనీలాలు ఇచ్చేయమంటోంది. ఈ జుట్టు మళ్లీ మామూలుగా అవుతుందా? కొత్తగా వచ్చేది కూడా ఇలాగే వస్తుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు నుంచి)

నేను ఒంగోలులో పదహారేళ్లుగా పార్లరు నడుపుతున్నాను. నా వృత్తికి నష్టమైనా ఉన్నమాటే చెబుతాను: ఇలా పాడైన వెంట్రుకను మళ్లీ మొదటిలాగా చేసే మందు లేదు. తలపైన మనకు కనిపించే వెంట్రుకకు ప్రాణం ఉండదు కనుక, చర్మం మీది గాయం మానినట్లు అది తనంతట తాను మానదు. ప్రాణమున్నది కుదురులోనే. వెంట్రుక పొడవున పడిన బ్లీచ్ దెబ్బ ఆ కుదురుకు తగలదు కాబట్టి, కొత్తగా మొలిచేది మీ పాత నల్లటి జుట్టే. అమ్మమ్మగారి మొక్కు భక్తితో అయితే తీర్చుకోండి, జుట్టు కోసమైతే గుండు అవసరం లేదు.

ముందుగా దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఒక నల్లటి గుడ్డ మీద పరచి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి గుబ్బ ఉంటే అది కుదురు నుంచి రాలినది. రోజుకు 50 నుంచి 100 దాకా అలా రాలడం ఎవరికైనా సహజమే. గుబ్బ లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే అది మధ్యలో తెగినది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీది తెగడమేనని నా అనుమానం.

వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఒకటి ఉంటుంది. అమోనియా ఆ పొలుసులను లేపితే, హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలికి పోయి నలుపునిచ్చే మెలనిన్‌ను విరగ్గొడుతుంది. ఆ పనిలోనే వెంట్రుకకు బలమిచ్చే గంధకపు బంధాలు కూడా కొన్ని తెగిపోతాయి. బ్లీచ్ పొడిలో కలపడానికి మేము వాడే డెవలపర్ అనే పెరాక్సైడ్ ద్రావణం సీసాల మీద 20 వాల్యూమ్ అని ఉంటే 6 శాతం పెరాక్సైడ్ అని, 40 అని ఉంటే 12 శాతమని అర్థం. నల్లటి జుట్టును ఒక్క పూటలో తేనెరంగుకు తేవాలన్న తొందరలో 40 వాడేవారు ఉన్నారు. నేనైతే ఆ పని చేయను. తడిసినప్పుడు బంకలా సాగుతోందంటే ఆ భాగం ఎక్కువ కాలం నిలవదు. అలాగని ఒకేసారి కత్తిరించుకోవలసిన పని లేదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, రెండు నెలలకు ఒకసారి రెండంగుళాల చొప్పున తీయిస్తూ వెళ్లండి.

అప్పటిదాకా ఉన్నదాన్ని కాపాడుకోవడమే పని. తలంటుకునే ముందు రాత్రి కొబ్బరినూనె పట్టించండి. అది వెంట్రుక లోపలికి ఇంకి, తడికి ఉబ్బడాన్ని తగ్గిస్తుంది. షాంపూ మాడుకు మాత్రమే రుద్ది, కండిషనరును చెవుల కింది నుంచి కొసల దాకా పట్టించి, మూడు నాలుగు నిమిషాలు ఉంచి కడగండి. తడి జుట్టును తువ్వాలుతో పిండవద్దు, చిక్కును కొసల నుంచి పైకి తీస్తూ రండి. మెంతి జిగురు వలన చిక్కు తేలికగా వస్తుంది, మంచిదే. గుడ్డులోని మాంసకృత్తులు మాత్రం వెంట్రుక లోపలికి దూరలేనంత పెద్దవి. కెరటిన్ ఇప్పుడు వద్దే వద్దు. బ్లీచ్ తిన్న జుట్టు మీద వేడి ఇస్త్రీ పెట్టాలి, పైగా ఆ ద్రావణాలలో చాలావాటి నుంచి వేడికి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన ఆవిరి వస్తుంది.

జవాబు (పొదిలి నుంచి)

రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక నీళ్ల గురించి ఒక మాట. తాగేనీటిలో కాఠిన్యం (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు) లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేనప్పుడు 600 దాకా అనుమతించవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి; మా పడమటి ప్రకాశంలో దానిని మించిన బోర్లు నేను చూశాను. ఆ కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకలకు అంటుకుంటుంది కాబట్టి తలకు సబ్బు వాడకండి. నీళ్లు మరగబెడితే తాత్కాలిక కాఠిన్యం (బైకార్బొనేట్ల వలన వచ్చేది) మాత్రమే పోతుంది, మిగిలినది అలాగే ఉంటుంది. స్నానమంతా బోరు నీళ్లతోనే చేసి, చివరి రెండు చెంబులు మాత్రం మినరల్ వాటర్ క్యానులోవి పోసుకుంటే సరిపోతుందమ్మా.

జవాబు (నెల్లూరు నుంచి)

స్వచ్ఛమైన గోరింటాకు తేనెరంగు జుట్టు మీద పడితే కాషాయంలా తేలుతుంది, అది చూసుకొని మీ అత్తగారి మాట వినండి. పొట్లాలలో దొరికే నల్ల మెహందీ జోలికి మాత్రం పోవద్దు. వాటిలో చాలావరకు పారాఫినిలీన్ డయామిన్ అనే రంగు రసాయనం కలుస్తుంది. మా అమ్మకు అది పడక నుదురు, కనురెప్పలు వాచిపోతే పొగతోటలో చర్మవైద్యుడి దగ్గరకు పరుగెత్తాము. ఏ రంగైనా ముందుగా మోచేతి మడతలో కొంచెం రాసి 48 గంటలు చూడడం మంచిది.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తరువాత)

నల్లగుడ్డ మీద పరచి చూస్తే ఇరవై ఏడింటిలో నాలుగింటికే గుబ్బ ఉంది. సబ్బు మానేశాను, నూనె, కండిషనరు మీరు చెప్పినట్లే వాడుతున్నాను. దువ్వెనలో ముక్కలు సగానికి తగ్గాయి. పెంచలకోనలో గుండుకు బదులు మూడు కత్తెర్లు ఇస్తానంటే అమ్మమ్మ ఒప్పుకుంది.

జవాబు (ఒంగోలు నుంచి)

మూడు కత్తెర్లకు కొసలే ఇవ్వండి, మిగిలిన రెండంగుళాలు ఇంటికి వచ్చాక సమం చేయించుకోవచ్చు.