అమ్మ చీరల బొంత: చేత్తోనే కుట్టాలా, మిషన్ మీద కుట్టించవచ్చా?

మల్కాజిగిరి_చిన్నది
అందరికీ నమస్కారం. మా అమ్మ పోయి పదకొండు నెలలైంది. అమ్మ కట్టుకున్న నూలు చీరలు తొమ్మిది నా దగ్గరున్నాయి. ఉతికి ఉతికి మెత్తబడ్డవే అన్నీ. ఒకదానికి కొంగు దగ్గర పసుపు మరక ఎంత ఉతికినా పోలేదు. వీటితో సంక్రాంతిలోపు రెండు బొంతలు చేయిద్దామనుకుంటున్నాను, ఒకటి నాకు, ఒకటి అక్కకు. ఉప్పల్‌లో ఒకావిడ మిషన్ మీదైతే బొంతకు 1,200, చేత్తో అయితే 4,500 అన్నారు. చేత్తో అయితే ఒక్కో బొంతకు నెలన్నర పడుతుందట. అక్కేమో మిషన్ మీద కుట్టిస్తే అది బొంతే కాదు, నువ్వే కూర్చుని కుట్టు అంటోంది. నేను ఉదయం ఎనిమిదికి ఇల్లు వదిలితే రాత్రి ఏడున్నరకు చేరతాను. మిషన్ మీద కుట్టిస్తే నిజంగా అంత తేడా వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

దబ్బనం
మీ అక్క అన్నది నిజం తల్లీ. నేను తార్నాకలో ఉంటాను, అరవై ఏడేళ్ళు, ఇప్పటికి పద్నాలుగు బొంతలు కుట్టాను. చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది. సగానికి మడిస్తే రెండు ముప్పావు మీటర్ల పొడవు, మీటరు పైచిలుకు వెడల్పు. ఒక మనిషికి అది సరిపోతుంది. అలా నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిస్తే ఎనిమిది పొరలు. ముందు గంజి మొత్తం పోయేలా నానబెట్టి ఎండలో ఆరేయాలి. గచ్చు మీద పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టి, ముడతలను నడుమ నుంచి అంచులకు అరచేత్తో తోసుకుంటూ పోవాలి. తర్వాత జానెడు జానెడు దూరంలో కచ్చా కుట్టు. ఆ పైన అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి. దారం బిగించి లాగితే బొంత ముడుచుకుంటుంది. వదులైతే లోపలి చీర జారి ఒక పక్క ఉండ కడుతుంది. ఆ బిగువు చేతికి తెలుస్తుంది, మిషన్‌కు తెలియదు. పొరల మధ్య గాలి నిలిస్తేనే వెచ్చదనం. మిషన్ కుట్టు దాన్ని అట్టముక్కలా అణిచేస్తుంది. ఇంకో మాట, బొంతకు కూలి కట్టడం మా ఇళ్ళలో ఎప్పుడూ లేదు. బొంత ఇంట్లో మనిషే కుట్టాలి.

పాదం_మిషన్
బోడుప్పల్‌లో ఇరవై రెండేళ్ళుగా కుట్టుపని చేస్తున్నాను. మిషన్ బొంత అట్టముక్క అవుతుందన్నది తప్పు. కుట్టు చిన్నదిగా, వరసలు దగ్గర దగ్గరగా వేస్తే అవుతుంది. అలా వేస్తే పాత గుడ్డ సూది కన్నాల వెంట చిరుగుతుంది కూడా. కుట్టు పొడవు పెంచి, వరసకు వరసకు నాలుగు వేళ్ళ సందు వదిలితే గాలి ఆడుతుంది. పదహారో నంబరు సూది పెట్టి, పాదం ఒత్తిడి తగ్గించి, నడుమ నుంచి అంచులకు కుట్టుకొస్తే ఎనిమిది పొరల మెత్తటి నూలు హాయిగా వెళ్తుంది. మా దగ్గర రెండు రోజుల పని.

దబ్బనం
ఎనిమిది పొరలు ఇంటి మిషన్ తీసుకోదు. పైపొర ముందుకు జరిగిపోతుంది, చివరికి వచ్చేసరికి అడుగు పొర నాలుగు వేళ్ళు వెనక ఉంటుంది. నా కళ్ళతో చూశాను.

పాదం_మిషన్
పిన్నులు పెట్టకుండా కుడితే జరుగుతుంది. పెడితే జరగదు.

రామంతాపూర్_రవిక
జీన్స్ ప్యాంటు కాలు మడిచి కుడుతోంది కదా మిషన్, బొంత కుట్టదా?

దబ్బనం
జీన్స్ గట్టి గుడ్డ, జారదు. పాత చీర నీళ్ళలాంటిది. దానికీ దీనికీ పోలిక పెట్టకండి.

లెక్కల_మనిషి
అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. హైదరాబాద్‌లో చలి ఎన్ని రోజులు? డిసెంబరు నడుమ నుంచి జనవరి చివరి దాకా, అదీ రాత్రిపూట. పగలు 28 డిగ్రీల ఎండ కాస్తుంది. నగరంలో నమోదైన రికార్డు చలి 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. 800 పెడితే మంచి రగ్గు వస్తుంది. ఉతకడానికీ తేలిక. బొంత ఒకసారి తడిస్తే మోయలేం, ఆరడానికి రెండు మూడు రోజులు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎక్కడ ఆరేస్తారు? చెల్లెమ్మా, చీరలు మడిచి బీరువాలో దాచుకోండి, నాలుగు కలరా ఉండలు వేయండి, రగ్గు కొనుక్కోండి.

పటాన్‌చెరు_పొద్దు
నగరం నడిబొడ్డు లెక్కలు మాకు చెప్పకండి సార్. మా వైపు తెల్లవారుజామున పాలకెళ్తే వేళ్ళు కొంకర్లు పోతాయి. మా నాయనకు మా తాత గొంగడి ఉంది, దక్కన్ గొర్రెల ఊలుది, కురుమలు నేసింది. గరుకుగా ఉంటుంది, ముతక వాసన వస్తుంది. అయినా అది కప్పుకుంటే మీ రగ్గు ఎందుకూ పనికిరాదు.

సీదాఉల్టా
800 రగ్గంటే ఏమిటో తెలుసా? పాలిస్టర్. అంటే ప్లాస్టిక్. చెమట పీల్చదు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. స్వెట్టర్ల సంగతీ అంతే. దుకాణంలో ఊలు ఇవ్వండి అంటే ఆక్రిలిక్ ఉండ చేతిలో పెడతారు, అదీ ఊలే అంటారు. పోయిన ఏడాది కోఠి అంతా తిరిగి అసలు ఊలు అరకిలో తెచ్చి, పదో నంబరు సూదులతో మా చెల్లెలి కొడుక్కి స్వెట్టర్ అల్లాను. ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా, ముందు వైపు జడ డిజైను. చంక దగ్గర కుట్లు లెక్క తప్పి రెండుసార్లు విప్పాను. యాభై రోజులు పట్టింది. వాళ్ళింట్లో దాన్ని వాషింగ్ మిషన్‌లో వేడినీళ్ళకు వేశారు. ఊలు వేడినీళ్ళలో నలిగితే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడి కుంచించుకుపోతుంది. పంతొమ్మిదేళ్ళ పిల్లాడి స్వెట్టర్ మూడేళ్ళ పిల్లాడికి సరిపోయేంత అయింది. చెల్లెలు ఫోన్ చేసి "పోనీలే అక్కా, ఇంకోటి అల్లుదువులే" అంది.

మియాపూర్_మెట్రో
పోయినవాళ్ళ బట్టలు కప్పుకోకూడదంటారు కదా? మా ఇంట్లో పెద్దకర్మ అయ్యాక ఎవరికైనా ఇచ్చేస్తాం.

రామంతాపూర్_రవిక
ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి. మా పిల్లలిద్దరినీ అమ్మమ్మ చీరల పొత్తిళ్ళలోనే పెట్టాం. పెద్దది పుట్టేటప్పటికి అమ్మమ్మ లేదు.

డెడ్‌లైన్_సోమవారం
నా అభిప్రాయం. బొంతలు, అల్లికలు రిటైరైనవాళ్ళకు, ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళకు మంచి టైంపాస్. ఉద్యోగం చేసేవాళ్ళు టెన్షన్ పడకుండా డబ్బులిచ్చి మిషన్ మీద చేయించుకోవడమే కరెక్ట్. దీని మీద ఇంత గొడవ అవసరమా?

దబ్బనం
ఖాళీగానా? బాబూ, నేను ఏ రోజూ ఖాళీగా కూర్చుని బొంత కుట్టలేదు. ముగ్గురు పిల్లలు, మంచం పట్టిన మామగారు, పొద్దున నీళ్ళకు లైను. అందరూ పడుకున్నాక పదింటి నుంచి పన్నెండింటి దాకా కుట్టేదాన్ని. లైటు వేస్తే మామగారికి నిద్ర చెడుతుందని వంటింట్లో గచ్చు మీద కూర్చునేదాన్ని. మా పెద్దవాడి పెళ్ళైన ఏడు, మా అత్తగారి ఎర్రంచు చీర పైకి వచ్చేలా పెట్టి ఒక బొంత కుట్టాను. అంచు ఎక్కడా వంకర పోకుండా నాలుగు వైపులా సరిగ్గా తేవడానికి మూడుసార్లు పరిచాను. వాళ్ళు ఇల్లు మారేటప్పుడు నేనూ సాయానికి వెళ్ళాను. వాషింగ్ మిషన్‌కు గీతలు పడకుండా దానికి ఆ బొంత చుట్టి తాడు కట్టి లారీ ఎక్కించారు. ఎర్రంచు పైకే ఉంది. నేను ఏమీ అనలేదు. ఈ రోజు దాకా ఎవరితోనూ అనలేదు.

సీదాఉల్టా
అమ్మా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

డెడ్‌లైన్_సోమవారం
క్షమించండి అమ్మా. ఎవరినీ బాధ పెట్టాలని రాయలేదు. ఆ మాట తప్పే.

పాదం_మిషన్
అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. అయినా ఈ మాట చెప్పక తప్పదు, కోపం తెచ్చుకోకండి. మొదటి పోస్టులోనే మీరు బొంతకు కూలి కట్టకూడదన్నారు. ఆ ఉప్పల్ ఆవిడ లెక్క చూడండి. రోజుకు రెండు గంటలు, నలభై ఐదు రోజులు. అంటే తొంభై గంటలు. 4,500ను తొంభైతో భాగిస్తే గంటకు 50 రూపాయలు. ఆవిడ అంతకంటే ఎక్కువ అడగలేదు, ఎందుకంటే అడిగితే "మా అమ్మమ్మ ఊరికే కుట్టిచ్చేది" అంటారు. నా దగ్గరకు వచ్చేవాళ్ళూ అంతే. "నాలుగు కుట్లే కదక్కా" అంటారు. నేను చేతిపని మానేసి మిషన్ బొంతలే ఒప్పుకోవడానికి కారణం అదే. నాకూ చేతికుట్టే ఇష్టం. నాకు నేర్పింది మా మేనత్త. ఆ ధరకు నాకు గిట్టదు.

దబ్బనం
అంటే నా పిల్లలకు నేను ఊరికే కుట్టిచ్చి నీ కూలి చెడగొట్టానా?

పాదం_మిషన్
మీరొక్కరే కాదు. ప్రతి ఇంట్లో ఒకరు ఊరికే చేస్తే ఆ పనికి విలువ లేదనే అందరికీ అలవాటవుతుంది. ఊరికే చేసిచ్చారు కాబట్టే వాషింగ్ మిషన్‌కు చుట్టారు. అదే ఐదు వేలు పెట్టి కొన్నదైతే చుట్టేవారా?

దబ్బనం
ఐదు వేలు పెట్టి కొన్నదైతే అది మా అత్తగారి చీర అవదు. ప్రేమకు ధర కడితే ఇంక మిగిలేదేముంది? నువ్వు ధర గురించే మాట్లాడుతున్నావు.

పాదం_మిషన్
అవును, ధర గురించే. నాకు ఇల్లు గడిచేది దానితోనే.

పాలకొల్లు_లేసు
మధ్యలో వస్తున్నాను. మాది నర్సాపురం పక్కన, పెళ్ళై కొంపల్లి వచ్చాను. మా వైపు ఇంటింటా లేసు అల్లుతారు. 1840లలో వచ్చిన మిషనరీలు నేర్పారని చెబుతారు. ఆ లేసు విదేశాలకు పోతుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా ఊళ్ళ ఆడవాళ్ళ పని మీద 1982లో పుస్తకమే రాసింది. అల్లేవాళ్ళను పనివాళ్ళుగా లెక్కపెట్టరు, ఇంట్లో తీరికగా ఉండే గృహిణులంటారు, అందుకే అంత తక్కువ ఇస్తారు అని ఆమె అప్పుడే చెప్పింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అమ్మ మెడ నొప్పి మాత్రం తగ్గలేదు. మిషన్ అక్క చెప్పినదాన్ని నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అలాగని ఆ పెద్దమ్మ చెప్పినదీ అబద్ధం కాదు.

లెక్కల_మనిషి
నేను రగ్గు గురించి మాత్రమే చెప్పాను. అయినా ఒకటి. మా ఆవిడ నాకు అల్లిన మఫ్లరు ఇప్పటికీ వాడుతున్నాను. ఆమె లేదు. ఆ మఫ్లరుకు ఎన్ని గంటలు పట్టాయో ఏనాడూ అడగలేదు.

మల్కాజిగిరి_చిన్నది
అందరివీ చదివాను. మొదట రాయనిది ఇప్పుడు రాస్తాను. అమ్మ రెండేళ్ళు మంచంలో ఉంది. ఆసుపత్రికి తిప్పడం, స్నానం చేయించడం, రాత్రి పక్కన పడుకోవడం నేనే చేశాను. అక్క బెంగళూరు నుంచి నాలుగు నెలలకోసారి వచ్చేది. అమ్మ పోయాక పట్టుచీరలు ఏడూ అక్క తీసుకుంది, "నీకు ఆఫీసుకు పట్టెందుకు" అని. నేను నూలువి చాలన్నాను. నిజంగానే అవే కావాలనుకున్నాను, అమ్మ రోజూ కట్టినవి అవే కాబట్టి. ఇప్పుడు అక్కకు నా చేతికుట్టుతో బొంత కావాలి. 4,500లో సగం నువ్వియ్యి, చేత్తోనే కుట్టిద్దాం అంటే "అమ్మ బొంతకు డబ్బులేంటి" అంది. ఆ మాటకే నాకు కడుపు మండింది. చేత్తోనా మిషన్ మీదనా అని ఇక్కడ అడిగాను గానీ, నా కోపం దాని మీద కాదు.

పాదం_మిషన్
చెల్లీ, అక్క బొంతకు అక్కనే డబ్బులివ్వమను. లేదంటే నాలుగు చీరలూ కొరియర్ చెయ్యి, తనే కుట్టుకుంటుంది.

సీదాఉల్టా
అవును. చీరలతో పాటు ఒక సూది, దారం రీలు కూడా పంపండి.

దబ్బనం
నేనైతే పంపొద్దంటాను. పంపితే అక్కాచెల్లెళ్ళ మాటలు ఆగిపోతాయి. నాకు తెలుసు. చిన్నదానా, నువ్వు రెండేళ్ళు అమ్మ పక్కన పడుకున్నావు, నీ బొంత నువ్వే కుట్టాలి, ఎన్నాళ్ళైనా పట్టనీ. రోజుకు ఒక్క వరస చాలు. ఈ సంక్రాంతికి కాకపోతే వచ్చే సంక్రాంతికి అవుతుంది. ఆదివారం నాలుగు చీరలు పట్టుకుని తార్నాక రా. పరవడం, కచ్చా కుట్టు నేను చూపిస్తాను. దారం లావు నూలుది తెచ్చుకో, పాలిస్టర్ దారం వద్దు, పాత గుడ్డను కోసేస్తుంది.

పాదం_మిషన్
దారం విషయంలో అమ్మ చెప్పింది నిజం.

మల్కాజిగిరి_చిన్నది
వస్తాను అమ్మా. కానీ నేర్పినందుకు డబ్బులు తీసుకోవాలి. ఇంత చదివాక ఊరికే నేర్చుకోలేను.

దబ్బనం
డబ్బులు తెస్తే రావద్దు.

మల్కాజిగిరి_చిన్నది
తెస్తాను అమ్మా. తీసుకోకపోతే అక్కడే పెట్టి వస్తాను. తొమ్మిదో చీర, ఆ పసుపు మరక ఉన్నది, దేనిలోనూ పెట్టడం లేదు. దాన్ని అలాగే ఉంచుకుంటాను. ఆదివారం ఎన్ని గంటలకు రమ్మంటారు?

దబ్బనం
పది లోపు రా. ఎండ బాల్కనీలోకి పదకొండు దాకానే ఉంటుంది. ఆ తర్వాత పొరలు కనబడవు.