బంచరాయిల మొక్కలు నాటుతున్నరు, గొర్లు ఎటు పోవాలె?

ప్రశ్న (పరకాల దిక్కు):
మాది కురుమ ఇల్లు. మా ఊరి బంచరాయిల, అంటే పసులు, గొర్లు మేసే ఊరి భూమిల, మొక్కల కోసం గుంతలు తీసి, చుట్టూ ముండ్లకంచె కట్టిన్రు. కంచె కట్టినోళ్ల లెక్కల అది ఉత్త బీడేనట! తొలకరి పడంగనే అక్కడ గడ్డి లేస్తది. ఎండాకాలం తుమ్మకాయలు రాలుతయి, గొర్లు ఒక్కటి ఇడువకుంట ఏరుకొని తింటయి. చెట్లంటే మాకు పగ లేదు. గడ్డి నేల గూడ నేలనే కదా? గ్రామసభల ఏమని అడగాలె?

జవాబు (హన్మకొండ):
ముందు తహసీల్ ఆఫీసుల పాత పహాణీ (భూమి రికార్డు) నకలు తీయన్నా. బంచరాయి అనో, గైరాన్ అనో రాసి ఉంటే అది ఊరందరి మేత భూమి. ఆ కాగితం పట్టుకొనే మాట్లాడు.

జవాబు (ములుగు):
అది అడవి భూమి అయితే దారి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, వలస కాపరుల హక్కును గూడ ఒప్పుకుంటది. కాని ఎస్టీలు కానోళ్లు 2005 డిసెంబర్ 13 నాటికే మూడు తరాల నుంచి, అంటే 75 ఏండ్ల నుంచి అక్కడ ఉన్నట్టు రుజువు చూపాలె. అసలు చిక్కు అక్కడనే. ముసలోళ్ల వాంగ్మూలం గూడ సాక్ష్యమే, ఇప్పుడే రాయించి పెట్టుకోండ్రి.

జవాబు (నర్సంపేట, రైతు):
మా చెల్కల ఏటా మంద పెట్టిస్త. పెంట, మూత్రం పడ్డ జాగల మక్క ఎంత ఏపుగ వస్తదో కండ్లార చూస్తున్న. 2017ల సర్కారు 20 గొర్లు, ఒక పొట్టేలు లెక్కన పంచింది, మరి మేసే జాగ ఏది? ఐక్యరాజ్య సమితి 2026ను పచ్చిక భూముల, పశుకాపరుల ఏడాదిగ ప్రకటించింది, ఆ ముచ్చట సభల చెప్పు. కంచెల గొర్లకు బాట, చెరువు దిక్కు దారి ఇడువాలని తీర్మానం రాయించు. నేనూ వస్త.